ఎర్రబడిన పసుపు దారం

"దారం ఏ రంగు?" అని అడిగాడు లింబాద్రి.

"పసుపుది సార్."

"మల్ల యాది చేసుకొని చెప్పు."

లాకప్ ఊచల అవతల గొంతుక్కూర్చున్న దేవిదాస్ తన చేతుల వంక చూసుకున్నాడు. గ్రీజు గోళ్ల సందుల్లో ఇంకిపోయిన చేతులు. "నిన్నటిదాంక పసుపుదే అనుకున్న. పొద్దుగాల ఎస్సై సాబ్ కారు కాడికి తీస్కపోయి సూపిచ్చిండు. ఎర్రగున్నది. నా కండ్లతోనే సూసిన. ఇప్పుడేం చెప్పాలె?"

లింబాద్రి ఆ స్టేషన్‌కు కొత్తవాడు కాదు. పద్దెనిమిదేళ్లు ఇక్కడే హెడ్ కానిస్టేబుల్‌గా చేసి, ఒక పెద్దమనిషి కేసులో పై అధికారితో పొసగక, ఖాకీ బట్టలు మడతపెట్టి ఇచ్చేసి వెళ్లిపోయాడు. నిజామాబాద్ బస్టాండు వెనక ఒక గది అద్దెకు తీసుకుని 'ప్రైవేట్ డిటెక్టివ్' అని బోర్డు పెట్టాడు. ఆ బోర్డు చూసి పాత స్టేషన్ వాళ్లు నవ్వుతారు. ఆయన కూడా నవ్వుతాడు. పెయింటర్ అక్షరాలు నిజంగానే వంకరగా రాశాడు మరి.

ఆయన్ను పిలిపించింది మెకానిక్ గల్లీ వాళ్లు. దేవిదాస్‌ను నిన్న మధ్యాహ్నం పట్టుకొచ్చారు, ఈ రోజు సాయంత్రం నాలుగింటికి కోర్టులో నిలబెడతారు. కావాలనే ప్రాణం తీశాడని ఎస్సై రాసుకుంటే బెయిలు కూడా దొరకదు. ఇప్పుడు పదకొండు దాటింది.

జరిగింది ఇది. ఆత్మారాం అనే చెరుకు కాంట్రాక్టర్ మూడు రోజుల కిందట తన అంబాసిడర్ కారుకు పాత డైనమో తీయించి కొత్త ఆల్టర్నేటర్ పెట్టించుకున్నాడు. పెట్టింది దేవిదాస్. సాయంత్రం ఐదుకు కారు దేవిదాస్ షెడ్డు దాటి బోధన్ వెళ్లింది. అక్కడ ఆత్మారాం ట్రాలీలు నిలిపే దొడ్డిలో కొంతసేపు ఆగి, చీకటి పడ్డాక చెరుకు తోటల వెంట తిరిగి, ఇంటికి బయలుదేరాడు. తొమ్మిది ప్రాంతంలో జానకంపేట దగ్గర కారు దీపాలు పూర్తిగా మసకబారాయి. ఇంజన్ ఆపితే మళ్లీ ఎత్తుకోదన్న భయంతో కాబోలు ఆపకుండానే వచ్చాడు. రోడ్డు మీద చెరుకు ట్రాలీ ఒకటి ఇరుసు విరిగి నిలబడి ఉంది. దాని వెనక దీపం లేదు. ఆత్మారాం ఆసుపత్రికి చేరకముందే పోయాడు.

కారు బానెట్ ఎత్తి చూస్తే ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి పోయే వైరు ఊడి వేలాడుతోంది.

లింబాద్రి దేవిదాస్ చేత పనంతా మొదటినుంచి చెప్పించాడు. రెండే వైర్లు. లావు వైరు ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి కరెంటు మోస్తుంది. సన్న వైరు స్టీరింగు ముందున్న పలకలో ఒక చిన్న ఎర్ర దీపానికి పోతుంది. తాళం తిప్పగానే ఆ దీపం వెలుగుతుంది, ఇంజన్ లేవగానే ఆరిపోతుంది. ఆరిందంటే బ్యాటరీకి కరెంటు అందుతున్నట్టు. నడిచే బండిలో అది వెలిగిందంటే ఎక్కడో తేడా వచ్చినట్టు.

"దీపం చూపించే పని ఒక్కటే చేస్తదా?"

"లేదు సార్. ఆల్టర్నేటర్ తనంత తాను లేవదు. నిద్రపోయినోన్ని ఒక్కసారి తట్టాలె గద. ఆ తట్టుడు దీపంలకెల్లే పోతది. బల్బు లేకుంటే అది లేవనే లేవదు."

వైర్ల గురించి చెబుతున్నంతసేపూ దేవిదాస్ గొంతు గట్టిగానే ఉంది. దారం దగ్గరికి వచ్చేసరికి మళ్లీ పడిపోయింది. అతని తండ్రి వేల్పూర్ దిక్కు పసుపు కళ్లాల్లో ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడట. పని ముగిసి, నట్టు బిగించాక, పసుపు అద్దిన నూలు దారం ఒకటి ఆ వైరు మెడకు ముడివేసేవాడు. కట్టనిదే బండి ఇయ్యకూడదు, బిగించనిదే కట్టకూడదు. దేవిదాస్ కూడా అదే పాటిస్తాడు. గల్లీలో వాళ్లు 'వైర్లకు పెండ్లి చేస్తడు' అని నవ్వుతారు. నవ్వినవాళ్లే తమ బండ్లు కూడా అతనితోనే చూపించుకుంటారు.

"సార్, నేనొక్కటి సోంచాయిస్తున్న," అన్నాడు దేవిదాస్ మెల్లగా. "కట్టిన దారం రంగే యాది లేనోన్ని, నట్టు బిగించిన్నో లేదో ఎట్ల చెప్పాలె? నా చేతుల ఒక మనిషి పాయె. ఎస్సై సాబ్ రాసుకున్నదాని కింద వేలుముద్ర ఏస్త. నాకు నిద్ర పడ్తలేదు."

లింబాద్రికి కోపం వచ్చింది. ఇరవై ఏళ్లు చేసిన పని మీద ఒక్క రోజులో నమ్మకం పోగొట్టుకున్న మనిషిని చూస్తే ఎవరి మీద కోప్పడాలో తెలియని కోపం. "నేను వచ్చేదాంక దేని మీద వేలు పెట్టకు," అన్నాడు. "దీపం వెలిగి ఆరింది ఎవరన్న చూసిండ్రా?"

దేవిదాస్ తల దించుకున్నాడు. "ఆత్మారాం పటేల్ చూసిండు. ఆయనే పాయె."

ఆ తల దించుకోవడాన్ని లింబాద్రి దుఃఖం అనుకున్నాడు. ఆ రోజు ఆయన చేసిన మొదటి తప్పు అదే, తక్కువ తప్పు కాదు.

ఎస్సై దయాకర్ అప్పుడే లోపలికి వచ్చాడు. వయసు ముప్ఫై దాటలేదు, చొక్కా ఇస్త్రీ మడత చెదరలేదు. లింబాద్రిని చూసి కనుబొమలు ఎత్తాడు.

"ఏం హెడ్డూ, పాత ఇల్లు యాదికొచ్చిందా?"

"కారు చూడాలె ఎస్సై సాబ్."

"చూసి ఏం చేస్తవ్? వీడు పసుపు దారమన్నడు, కారు మీద ఎర్ర దారముంది. దారమే అబద్ధమైతే నట్టు బిగించిన్నన్నదీ అబద్ధమే. పొద్దుగాల ఆ దారం చూసి వీడే నోరెళ్లబెట్టిండు." దయాకర్ గడియారం చూసుకున్నాడు. "చూసుకో పో. నాలుగింటికి మాత్రం జీపు కోర్టుకు పోతది."

"ఎవరు తోస్తరు?" అన్నాడు లింబాద్రి.

బల్ల దగ్గరున్న కానిస్టేబుల్ దగ్గు వచ్చినట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు. స్టేషన్ జీపు బ్యాటరీకి కరెంటు ఎక్కడం మానేసి నెల దాటింది. రోజూ పొద్దున నలుగురు తోస్తే గాని లేవదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, అయినా ఎవరూ ఎస్సై ముందు అనరు.

కారు స్టేషన్ వెనక ఖాళీ జాగాలో ఉంది. ఢీకొట్టిన వైపు రేకు నలిగి చక్రం మీదికి వంగింది. ఆల్టర్నేటర్ ఉన్న వైపు చెక్కుచెదరలేదు. లింబాద్రి ముందు ఏదీ ముట్టుకోకుండా చుట్టూ తిరిగాడు. తర్వాత బానెట్ ఎత్తి భూతద్దం తీశాడు.

లావు వైరు వేలాడుతోంది. కొసన రాగి రింగు ఉంది, నట్టు లేదు. వదులై రాలిన నట్టు కింది రేకులోనో గ్రీజులోనో చిక్కుకుంటుంది. చేతివేళ్లు నల్లబడేదాకా వెతికాడు, దొరకలేదు. దారి మీద పడి ఉండవచ్చు. ఎవరి జేబులోనైనా ఉండవచ్చు. దీంతో ఏదీ తేలదు.

దారం రింగు వెనకాల, వైరు మెడకు రెండు చుట్లు చుట్టి ముడివేసి ఉంది. ముడి గట్టిది, ఎవరూ విప్పలేదు. రంగు ఎరుపే, అందులో అనుమానం లేదు. కానీ కొట్లో కొన్న ఎర్ర దారంలా ఒక్క తీరుగా లేదు. పైభాగం ముదురుగా, పక్కలకు పలచగా, వేళ్లతో పట్టుకున్నచోట పట్టుకున్నట్టే ఉంది. వైరు కూడా ఆ మేరకు కొంచెం తెల్లబడింది. లింబాద్రి ఆ తెలుపును గోటితో గీకి చూశాడు, ఏమిటో అంతుపట్టలేదు. దుమ్ము అనుకున్నాడు.

తర్వాత కారు లోపల వెల్లకిలా పడుకుని పలక వెనక చెయ్యి పెట్టాడు. ఈ వయసులో అట్లా పడుకోవడం నడుముకు సులువు కాదు. ఆయిల్ తగ్గితే వెలిగే దీపం హోల్డరు లాగితే బల్బు వచ్చింది. దాని పక్కన ఎర్ర దీపం హోల్డరు లాగాడు. అది ఖాళీగా ఉంది. పక్క హోల్డరు మీద దుమ్ము పేరుకుని ఉంటే, దీని మీద మాత్రం వేళ్లు తిరిగినట్టు తుడిచి ఉంది.

లింబాద్రి అట్లాగే పడుకుని ఆ ఖాళీ హోల్డరును చూస్తూ ఉండిపోయాడు. నట్టు రాలుతుంది. బల్బు రాలదు. వైరు ఊడితే ఎర్ర దీపం వెలిగి నడిపేవాడికి చెబుతుంది. అది చెప్పకూడదని ఎవరో ముందే దాని నోరు మూశారు. కానీ దయాకర్‌తో ఈ ఒక్క మాట చెబితే చాలదు. బల్బు దేవిదాసే పెట్టలేదంటాడు. దారం దగ్గర ఓడిపోయినంతసేపు ఎన్ని బల్బులు చూపించినా ఇంతే.

స్టేషన్ గేటు పక్కన గోడ నీడలో దేవిదాస్ భార్య గంగమణి కూర్చుని ఉంది. పొద్దున తెచ్చిన టిఫిన్ గిన్నె మూత తీయకుండానే ఒళ్లో ఉంది. ఆమెను ఒక మాట అడగాలని లింబాద్రి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఆమె లేచి నిలబడింది. లింబాద్రి చూపు ఆమె కాళ్ల మీద పడి ఆగిపోయింది.

పొద్దున స్నానం చేసి రాసుకున్న పసుపు పాదాల మీద ఇంకా ఉంది. కానీ మడమలకు, వేళ్ల కొసలకు, పాదం అంచుల వెంట రంగు మారింది. అక్కడ పసుపు కాదు, ఎరుపు.

"కాళ్లకు ఏమైంది?"

ఆమె కిందికి చూసుకుంది. దెబ్బేమైనా తగిలిందా అనుకుంది కాబోలు. "ఏం గాలే సారూ. దీపావళికని ఇంటికి సున్నమేస్తున్న. మా ఆయన్ను తీస్కపోయిండ్రని సగంల ఇడిసిపెట్టిన. పొద్దుగాల దర్వాజ కాడ తడి సున్నం తొక్కిన." ఆయన ఇంకా చూస్తుండడంతో ఆమెకే ఆశ్చర్యమేసింది. "పసుపు మీద సున్నం పడితే ఎర్రగ గాదా సారూ? దిష్టి తీసే ఎర్రనీళ్లు గట్లనే జేస్తరు గద."

లింబాద్రికి వాళ్లమ్మ ఎన్నిసార్లు ఎర్రనీళ్లు దిగదుడిచి వాకిట్లో పారబోసిందో లెక్కలేదు. పళ్లెంలో పసుపు కలుపుతుంది, వేలి కొసన ఇంత సున్నం వేస్తుంది, నీళ్లు ఎర్రబడతాయి. జిల్లాలో ప్రతి ఇంట్లో తెలిసిన ముచ్చట. పసుపు పండే నేల మీద పుట్టి, పోలీసు దగ్గరి నుంచి డిటెక్టివ్ దాకా అందరూ స్టేషన్ గడప దాటగానే దాన్ని మరిచిపోయారు. వైరు మీది తెలుపు దుమ్ము కాదు.

"నువ్వు కారును ముట్టుకున్నవా? ఆ దినం గాని, తర్వాత గాని?"

"నేనెందుకు ముడుత సారూ? దారాలు ఇంట్లనే అద్ది ఇస్త. అద్దినయి ఇంక షెడ్డుల ఉన్నయి, అన్నీ పసుపే."

లింబాద్రి వెనక్కి తిరిగి కారు దగ్గరికి వెళ్లాడు. కానిస్టేబుల్ ఒకడిని సాక్షిగా పిలిచి, దారం ఉన్నచోట వైరును జానెడు కోయించి, కాగితంలో పెట్టుకున్నాడు.

ఎస్సై గదిలో ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు. తుకారాం, చనిపోయిన ఆత్మారాం బామ్మర్ది. ఫ్యాక్టరీకి చెరుకు తోలే కాంట్రాక్టులో బావకు భాగస్థుడు. ఈ సీజన్ నుంచి ఆత్మారాం వేరుపడతానన్నాడని బోధన్‌లో చెప్పుకుంటారు గానీ, బావ పోయిన దగ్గరినుంచి తుకారాం కళ్లు ఎర్రబడి ఉన్నాయని కూడా చెప్పుకుంటారు. మనిషి నిదానస్తుడు. అరచేతిలో తంబాకు నలుపుతూ దయాకర్‌తో మాట్లాడుతున్నాడు. దేవిదాస్ పేదవాడు, పొరపాటు చేశాడు, వాణ్ని జైల్లో పెడితే పోయిన బావ తిరిగొస్తాడా, విడిచిపెట్టండి, జామీను తానే నిలబడతాను అని. దయాకర్ ఆ మంచితనానికి కరిగిపోతున్నాడు గానీ కేసును కరగనీయడం లేదు.

"ఇట్లాంటి మనుషులుంటరు లింబాద్రీ," అన్నాడు దయాకర్. "బాధ పడ్డోళ్లే వదిలేయమంటున్నరు. నువ్వేమో నా మీద కత్తి నూరుతవ్."

లింబాద్రి కాగితం బల్ల మీద విప్పాడు. గుండుసూది ఒకటి అడిగి తీసుకుని, దారం ముడిలో దూర్చి, తొందరపడకుండా విప్పసాగాడు. రెండు చుట్లు వదులయ్యాయి. ముడి తెరుచుకుంది. లోపల, దారం మీద దారం పడి గాలి కూడా తగలని చోట, నిగనిగలాడే పసుపు.

దయాకర్ ముందుకు వంగాడు.

"కట్టినప్పుడు పసుపుదే," అన్నాడు లింబాద్రి. "పైన ఎర్రబడింది కట్టినంక. సున్నం తగిలి."

దయాకర్ అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. రెండు రంగులు అద్దిన దారమై ఉండొచ్చన్నాడు. లింబాద్రి బయటికి వెళ్లి, స్టేషన్ జీపు ముందు బంపరుకు మిరపకాయలతో కలిపి కట్టిన నిమ్మకాయ తెంపుకొచ్చాడు. శనివారం కట్టినది, తోలు ఎండింది గానీ లోపల తడి ఉంది. బ్లేడుతో కోసి, ఎర్ర దారం మీద పిండాడు. చుక్క పడినచోట ఎరుపు కరిగిపోయి పసుపు తేలింది. రెండో చుక్క వేశాడు. మూడోది వేయవలసిన పని లేకపోయింది.

"నా జీపు నిమ్మకాయ," అన్నాడు దయాకర్, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"అది జీపును కాపాడింది లేదు గాని, ఇవ్వాళ ఒక మనిషిని కాపాడింది."

"వాడి పెండ్లాం ఇంటికి సున్నమేస్తుందట. ఆమె చెయ్యి తగిలి ఉంటది."

"ఆమె చేతి సున్నమైతే దారం కట్టకముందే తగలాలె. ముడి లోపల కూడా ఎర్రబడాలె. ఇది కారు షెడ్డు దాటినంక తగిలింది. సున్నం వేళ్లతోని ఎవడో ఆ వైరు మెడ పట్టి గుంజిండు."

"సున్నం వేళ్లట!" దయాకర్ కుర్చీ వెనక్కి వాలాడు. "ఈ జిల్లాల తంబాకు తినేటోళ్లు, ఆకు వేసేటోళ్లు, ఇండ్లకు సున్నం పూసేటోళ్లు, ఫ్యాక్టరీల చెరుకు రసంల సున్నం కలిపేటోళ్లు... అందర్నీ పట్టుకురమ్మంటవా?"

"అందరు వద్దు. ఆ సాయంత్రం బోధన్ దొడ్డిల ఆ కారు బానెట్ ఎత్తినోడు ఒక్కడు చాలు." లింబాద్రి ఖాళీ హోల్డరును బల్ల మీద పెట్టాడు. "వాడే ఇందులకెల్లి బల్బు తీసిండు. వైరు ఊడితే ఈ దీపం వెలుగుతది, ఆత్మారాం బండి ఆపి చూసుకుంటడు. ఆపగూడదనే తీసిండు. దేవిదాస్ ఈ బల్బు పెట్టకుంటే ఆల్టర్నేటర్ షెడ్డులనే లేచేదే గాదు, పైసలిచ్చి పని చేయించుకునేటోడు ఊకుంటడా? దీపాలు ఆరిపోయే బండి ఒకటి, దారి మీద దీపం లేని ట్రాలీ ఒకటి. రెండు ఒక్క రాత్రే ఎదురుపడ్డయి. ఆ ట్రాలీ ఇరుసు నిజంగనే విరిగిందా అని ఎవరన్న వంగి చూసిండ్రా?"

ఎవరూ చూడలేదని దయాకర్ మొహమే చెప్పింది. అతను చెడ్డవాడు కాదు. తొందర మనిషి. తొందరలో మొదట దొరికినవాణ్ని పట్టుకున్నాడు, పట్టుకున్నాక వదిలిపెట్టడానికి నామోషీ అడ్డం వచ్చింది. బల్ల మీది పసుపు దారాన్ని ఇంకోసారి చూశాడు. తర్వాత కానిస్టేబుల్‌ను పిలిచి, కోర్టు సంగతి ఇవ్వాళ్టికి ఆపమన్నాడు. దేవిదాస్‌ను జామీను మీద వదులుతానన్నాడు.

"నేనున్న గద ఎస్సై సాబ్," అన్నాడు తుకారాం. "సంతకం ఎక్కడ పెట్టాలెనో చెప్పుండ్రి." లింబాద్రి వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "మంచి పని చేసిండ్రు అన్నా. మా బావను చంపినోడు ఎవడైనా సరే, ఇడిసిపెట్టద్దు." తంబాకు నలిపే చేతులు ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి. అప్పుడే వచ్చిన చాయ్ కప్పు అందుకున్నాడు.

లింబాద్రికి ఆకలి తెలిసింది. పొద్దుటినుంచి ఏమీ తినలేదు. గెలిచిన సంతోషం కూడా ఉంది, దాచుకోవడం ఎందుకు, చాలా ఉంది. దయాకర్ లాంటి వాడి ముందు గెలవడం రోజూ దొరికేది కాదు.

దారం, హోల్డరు సీలు వేయించే పని మిగిలింది. దయాకర్ కూడా కారు దగ్గరికి వచ్చాడు. ఇద్దరూ బానెట్ కింద తలలు పెట్టి, ఎక్కడ ఏముందో రాయిస్తూ, మధ్యలో రెండుసార్లు తగవులాడుకున్నారు. పని ముగిసేసరికి అరగంట పైనే పట్టింది.

గదిలోకి తిరిగొచ్చి, తుకారాం లేచిన కుర్చీలో కూర్చోబోతే లింబాద్రి కాలికి ఏదో తగిలింది. వంగి తీశాడు. ఇత్తడి డబ్బీ. రెండు వైపులా మూతలున్నది, ఏళ్ల తరబడి జేబులో అరిగి నున్నబడినది. ఒక వైపు మూత తీస్తే తంబాకు, సగానికి పైగా ఉంది. రెండో వైపు మూత తీశాడు.

తడి సున్నం. అందులో బొటనవేలు ముంచిన గుంట ఇంకా పూడలేదు.

జారిపడి ఉంటే డబ్బీ కుర్చీ కాళ్ల దగ్గర పడి ఉండేది. ఇది గోడ వైపు, చాప కింద సగం దూర్చి ఉంది. తంబాకు తినేవాడు చెప్పులు మరిచిపోతాడు, డబ్బీ మరిచిపోడు. ముడి లోపలి పసుపు చూసిన తర్వాతే తుకారాం చేతులు ఖాళీ అయ్యాయి. తంబాకు నలిపి నోట్లో వేసుకోకుండా చాయ్ తాగాడు. నలిపినది ఏం చేశాడో లింబాద్రి చూడలేదు. తన గెలుపు తాను చూసుకుంటున్నాడు.

"తుకారాం ఏడి?"

సంతకం పెట్టి వెళ్లిపోయాడని కానిస్టేబుల్ చెప్పాడు. లింబాద్రి గేటు దాకా పరుగులాంటి నడకతో వచ్చాడు. గంగమణి ఒక్కతే నిలబడి ఉంది. మొహంలో నిన్నటి నుంచి మొదటిసారి వెలుగు ఉంది. టిఫిన్ గిన్నె అట్లాగే చేతిలో ఉంది.

"మీ ఆయన ఏడి?"

"తుకారాం పటేల్ తన జీపుల తీస్కపోయిండు సారూ. జీపు లైట్లు సక్కగ లేవట, జర సూసి పొమ్మన్నడు. నన్ను ఆటోల ఇంటికి పొమ్మన్నడు. అన్నం తిని పోతనంటె, నేనే తినిపిస్తనన్నడు." ఆయన మొహం చూసి ఆమె గొంతు తగ్గింది. "మంచోడే గద సారూ. ఆ దినం గూడ షెడ్డుకు బావతోని వచ్చిండు. దీపం ఆరుడు ఆయన గూడ సూసిండు. బల్బు తీస్తే ఏమైతది, వైరు ఊడితే బ్యాటరీ ఎంతసేపు వస్తది అని అన్నీ అడిగిండు. కొత్త సామాను గద, అందరు అడుగుతరు. మా ఆయన అన్నీ చెప్పిండు."

"ఈ మాట దేవిదాస్ నాకెందుకు చెప్పలే?"

"నిన్న ఠాణకు వచ్చి చెప్పద్దన్నడట. ఇంట్ల మనిషి పోయిన దుఃఖంల ఉన్నం, నన్ను ఇందులకు గుంజద్దు, నిన్ను నేనే ఇడిపిస్త అన్నడట. మా ఆయన మాటిచ్చిండు." ఆమె ఒక అడుగు దగ్గరికి వచ్చింది. "ఏమైంది సారూ?"

దీపం ఆరింది చూసినవాడు ఆత్మారాం ఒక్కడు కాదు. ఆ ఇంకొకడు ఎవరో, ఏమేం అడిగాడో చెప్పగలిగిన మనిషి ఈ లోకంలో దేవిదాస్ ఒక్కడే. లాకప్‌లో ఉన్నంతసేపు అతని ప్రాణానికి ఢోకా లేదు. నిమ్మకాయ పిండి బయటికి తెచ్చింది లింబాద్రే.

"జీపు ఎటు పోయింది?"

ఆమె చెయ్యి చూపించింది. వాళ్ల ఇల్లున్న గల్లీ వైపు కాదు. బోధన్ రోడ్డు వైపు.

వెనకాల దయాకర్ వచ్చి నిలబడ్డాడని లింబాద్రికి అప్పుడే తెలిసింది. డబ్బీ మూత తెరిచి అతని చేతిలో పెట్టాడు. దయాకర్ సున్నం చూశాడు, గంగమణిని చూశాడు, రోడ్డు చూశాడు. ఈసారి అతని తొందర అక్కరకు వచ్చింది. జీపు దగ్గరికి ఉరికి, ఎక్కి, తాళం తిప్పాడు.

జీపు లోపల ఎక్కడో టక్కుమంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ టక్కుమంది, అంతే.

నిన్న మధ్యాహ్నం స్టేషన్‌లోకి తెస్తుంటే దేవిదాస్ ఈ జీపు దగ్గర ఆగాడట. డైనమో కార్బన్ బ్రష్‌లు అరిగిపోయినయి సార్, గంట పని, చేసిపెట్టనా అని అడిగాడట. దయాకర్ అతని మెడ మీద చెయ్యి వేసి లోపలికి తోశాడు. అది ఇప్పుడు యాదికొచ్చిందేమో, తాళం మీంచి చెయ్యి తీసేశాడు.

"తోయుండ్రి," అన్నాడు.

కానిస్టేబుళ్లు గదుల్లోంచి ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. టిఫిన్ గిన్నె గోడ పక్కన పెట్టి, కొంగు నడుముకు దోపుకుని, వాళ్లందరికంటే ముందు జీపు వెనక చేతులు ఆనించింది గంగమణి.